వాట్సప్ స్టేటస్‌లో ఒంటరితనం కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

వేరుశనగ ఎండిపోయిన ఏడాది అనంతపురం పల్లెల నుంచి బెంగళూరుకు పనులకు వెళ్లడం కొత్తేమీ కాదు. ఊళ్లో ఉండిపోయిన అమ్మానాన్నలకూ, అక్కడ షెడ్డులో పడుకునే కొడుక్కూ మధ్య మాటలన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే. 'తిన్నావా?' అంటే 'తిన్నా' అంటాడు. అసలు సంగతి స్టేటస్‌లో పెడతాడు. 24 గంటల్లో అది పోతుంది.

రాతను బట్టి మనసు తెలుస్తుందా? కొంతవరకు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 683 మంది ఆసుపత్రి రోగుల ఫేస్‌బుక్ పోస్టులను వారి అనుమతితోనే వైద్య రికార్డులతో పోల్చి, 2018లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 114 మందికి డిప్రెషన్ ఉన్నట్టు నమోదైంది. డాక్టర్లు గుర్తించకముందే వీరి రాతల్లో దిగులు, ఒంటరితనం, 'నేను', 'నాకు' లాంటి మాటలు ఎక్కువగా కనిపించాయి.

ఈ లెక్కను తెలుగుకు అలాగే అతికించలేం. 'నిద్ర పట్టట్లేదు', 'తినబుద్ధి కావట్లేదు' అని రాసేటప్పుడు మనం 'నాకు' అననే అనం. 'వెళ్లిపోతా' అన్న ఒక్క మాటలోనే 'నేను' ఇమిడిపోతుంది. ఇంగ్లిష్‌లో కూడా అందరికీ ఒకే కొలత కుదరదు. తెల్లజాతి అమెరికన్ల రాతల్లో డిప్రెషన్‌ను పట్టిచ్చిన గుర్తులు నల్లజాతివారి రాతల్లో సరిగా పనిచేయలేదని 2024లో వచ్చిన మరో అధ్యయనం చూపింది. కాబట్టి ఏ యాప్ తీర్పునూ నమ్మి కూర్చోవద్దు. ఆ మనిషి మామూలుగా ఎలా రాస్తాడో తెలిసినవాళ్లే మార్పును ముందుగా పట్టగలరు.

ఒక విషాద గీతం పెట్టగానే కంగారుపడక్కర్లేదు. అలా లెక్కేస్తే మనలో మిగిలేవాళ్లు తక్కువ! రోజూ గ్రూపులో సందడి చేసేవాడు వారాల తరబడి మూగబోయినా, 'అందరికీ భారమైపోయా' అనో, వీడ్కోలు చెబుతున్నట్టో రాసినా ఆలస్యం చేయకండి. కింద కామెంట్ పెట్టి ఊరుకోకుండా నేరుగా ఫోన్ చేయండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగానే అడగవచ్చు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఒంటరిగా వదలకుండా 108కి గానీ 112కి గానీ చెప్పండి.

మాట్లాడే దిక్కు కోసం టెలి మానస్ ఉంది. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది. బెంగళూరు నుంచి చేసినా తెలుగు ఎంచుకోవచ్చు. బాధపడే మనిషి చేయకపోతే ఇంట్లోవాళ్లు చేసి సలహా అడగవచ్చు. మందులు అవసరమైతే అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మార్పు ఎప్పటి నుంచి మొదలైందో డాక్టరుకు చెప్పండి.

పోలీసు కేసవుతుందన్న భయంతో దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, వారికి వైద్యం, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.