వార్తల్లో పదం: బ్రౌజరు అప్‌డేట్

చర్ల, దుమ్ముగూడెము మండలముల అడవి పల్లెలనుండి కుల ధ్రువీకరణ పత్రమునకై మీసేవా కేంద్రమునకు వచ్చు గిరిజనుని దరఖాస్తును, భద్రాద్రి రాముని కల్యాణమునకై దూరదేశస్థుడు ఆన్‌లైనులో కొను టికెట్టును సర్వరునకు చేర్చునది బ్రౌజరే. దానియందు బయటపడిన భద్రతాలోపములను పూడ్చి, నూతన సౌకర్యములను కూర్చి, పాత వెర్షను స్థానమున క్రొత్తదానిని నెలకొల్పుటయే అప్‌డేట్.

ఇందు ఆలస్యము హానికరమనుటకు బలవత్తరమైన కారణము కలదు. లోపమును సరిదిద్దిన వెర్షను వెలువడినంతనే, దానిని పాతదానితో పోల్చిచూచి, ఆ లోపమెచ్చట నుండెనో దురాత్ములు గ్రహింపగలరు గనుక, మరమ్మతు ప్రకటితమైన నాటినుండి పాతదానినే వాడువారికి ప్రమాదము మునుపటికంటె హెచ్చును. అప్‌డేట్లును తరచుగానే వచ్చును: ఆరు వారములకొకటిగా వచ్చుచుండిన క్రోమ్ బ్రౌజరు ప్రధాన వెర్షనులను గూగుల్ సంస్థ 2021లో నాలుగు వారములకొకటిగా మార్చెను.

అయితే కంప్యూటరే పాతబడినచో బ్రౌజరు ముందుకు సాగదు. పాత కంప్యూటర్లలోని విండోస్ 7పై క్రోమ్ 109వ వెర్షనుతోనే ఆగిపోయెను. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ దానికి కనీసము విండోస్ 10 కావలసివచ్చెను. అడవి అంచున నున్న పాఠశాలకు, చిన్న సేవాకేంద్రమునకు యంత్రమునే మార్చుట మోయరాని భారము; దానిని ప్రభుత్వమే వహింపవలెనని నా నిశ్చితాభిప్రాయము.

తెరపై హఠాత్తుగా మెరసి అప్‌డేట్ చేయుమని తొందరపెట్టు ప్రకటనలలో మోసపూరితములును గలవు. పాఠకులు వానిని నొక్కక, క్రోమ్ మెనూలోని సహాయ విభాగమున ‘గూగుల్ క్రోమ్ గురించి’ అను చోట చూచి, అప్‌డేట్ డౌన్‌లోడు ముగిసిన పిమ్మట బ్రౌజరును ఒకమారు మూసి మరల తెరువవలెను. అట్లు తెరచిననే క్రొత్త వెర్షను అమలులోనికి వచ్చును.