బాడీలు మారతాయి... లెన్సులు మిగులుతాయి!

కెమెరా దుకాణానికి వెళ్లిన కొత్తవారు మొదట వేసే ప్రశ్న... ‘ఇదెన్ని మెగాపిక్సెళ్లు?’ అని. నిజానికి అడగాల్సింది... ‘దీనికి ఏ లెన్సులు సరిపోతాయి?’ అని! దాచుకున్న సొమ్మంతా ఖరీదైన బాడీకే పోసేస్తే, దానికి తగ్గ లెన్సు కొనడానికి జేబులో ఏమీ మిగలదు. ఫొటోలు ఆశించినట్టు రావు. కొన్నాళ్లకు కెమెరా బీరువా ఎక్కుతుంది. కొనేముందే కాస్త లెక్క వేసుకుంటే ఆ పరిస్థితి రాదు.

పిక్సెళ్ల మాయ

8×12 అంగుళాల ఫొటోను నాణ్యంగా ప్రింటు వేయాలంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున 2400×3600... అంటే సుమారు 86 లక్షల పిక్సెళ్లు చాలు. తొమ్మిది మెగాపిక్సెళ్లు కూడా అక్కర్లేదన్నమాట! 24 మెగాపిక్సెళ్లుంటే 13×20 అంగుళాల ప్రింటు కూడా అంతే నాణ్యంగా వస్తుంది. అంతకంటే సెన్సర్ సైజు ముఖ్యం. ‘ఫుల్‌ఫ్రేమ్’ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, పాత ఫిల్ములో ఒక ఫ్రేమంత. ‘ఏపీఎస్-సి’ సుమారు 23×15 మిల్లీమీటర్లు. పెద్ద సెన్సర్ వెలుతురు ఎక్కువ పట్టుకుంటుంది కానీ బాడీకీ, లెన్సులకీ కూడా ధర, బరువు పెరుగుతాయి. నేర్చుకునేవారికి ఏపీఎస్-సి చాలు.

మౌంటుతో వియ్యం

బాడీకి లెన్సు బిగించే చోటే మౌంటు. ఒక కంపెనీ లెన్సు మరో కంపెనీ బాడీకి సాధారణంగా నేరుగా ఎక్కదు. కాబట్టి మొదటి బాడీ కొనడమంటే ఆ కంపెనీతో వియ్యమందినట్టే! నికాన్ ‘ఎఫ్’ మౌంటు 1959లో, కెనాన్ ‘ఈఎఫ్’ 1987లో వచ్చాయి. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌లను పక్కకు నెడుతూ మిర్రర్‌లెస్ కెమెరాలు రావడంతో 2018లో నికాన్ ‘జెడ్’, కెనాన్ ‘ఆర్ఎఫ్’ మౌంట్లను తెచ్చాయి. సోనీ ‘ఇ’ మౌంటు 2010 నుంచే ఉంది. కొత్త లెన్సులు ఎక్కువగా వీటికే వస్తున్నాయి కనుక కొత్తది కొనేవారికి మిర్రర్‌లెస్సే మేలు.

డబ్బు తక్కువైతే? ఒకరు వాడిన డీఎస్ఎల్ఆర్‌తోనూ చక్కగా నేర్చుకోవచ్చు. అయితే నికాన్ డీ3000, డీ5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ‘ఏఎఫ్-డి’ లెన్సులు పెడితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

పది రెట్ల వెలుగు

బాడీతోపాటు వచ్చే 18-55 లెన్సును 55 దగ్గర పెడితే అపర్చర్ ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు. అదే 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సైతే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. సెకనులో 20వ వంతు పట్టే ఫొటో 200వ వంతులో వచ్చేస్తుంది. బడి వార్షికోత్సవంలో నాట్యం చేసే పాప చేతులు చెదరకుండా రావడానికి అదే కారణం. లెన్సులోని స్టెబిలైజర్ ఫొటో తీసేవారి చేతి వణుకును ఆపుతుందే తప్ప పాప కదలికను ఆపలేదు.

చాలా కంపెనీల లెన్సుల్లో చవగ్గా దొరికేవాటిలో ఈ 50 ఒకటి. అయితే ఏపీఎస్-సి బాడీ మీద ఇది 75-80 మిల్లీమీటర్ల లెన్సులా దగ్గరగా చూపిస్తుంది. ముఖాలకు బాగుంటుంది. ఇంట్లో నలుగుర్నీ కలిపి తీయాలంటే గోడ అడ్డొస్తుంది! అలాంటివారికి 35 నయం.

రెండోది ఎప్పుడు?

మూడు నెలలు ఆగాక. డిజిటల్ ఫొటోతోపాటు ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారన్నదీ నమోదవుతుంది. కంప్యూటర్లో ఫొటో వివరాలు తెరిస్తే కనిపిస్తుంది. ఎక్కువ ఫొటోలు 18 దగ్గరే ఉంటే గోపురాలూ, కొండలూ పట్టే వైడ్ లెన్సు కావాలి. 55 దగ్గరుంటే 55-250 లాంటి టెలీ. నేలపట్టు, కొల్లేరు పక్షుల కోసమైతే 400 మిల్లీమీటర్లు, ఆపైన ఉండాలి.

పాతవి కొంటుంటే...

* లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూడులా కనిపిస్తే అది ఫంగస్.
* తేమ ఎక్కువుండే తీర ప్రాంతాల్లో గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలేసి లెన్సులు దాచాలి.
* బాడీ షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగాలి.
* కొత్తవైతే బిల్లు, మనదేశంలో చెల్లే వారంటీ తప్పనిసరి. కార్డు, అదనపు బ్యాటరీ, సంచి ఖర్చూ ముందే లెక్కేసుకోవాలి.

హైదరాబాద్ లాంటి నగరాల్లో లెన్సులు అద్దెకూ దొరుకుతాయి. ఇంట్లో పెళ్లో, తీర్థయాత్రో ఉన్నప్పుడు రెండ్రోజులకు తెచ్చుకుని వాడి చూస్తే, వేలు పోసి కొనాలో వద్దో అదే చెబుతుంది!