బూడిదలోంచి కురిసిన మంచు

ఎర్రటి గుడి ద్వారం. దాని ముందు మంచు బరువుకు కొమ్మలు వంచిన పైన్ చెట్టు. గాలికి గొడుగు అడ్డుపెట్టుకుని నడుస్తున్న ఓ మహిళ. ఆమె ముఖం కనిపించదు. అయినా ఆ చలి చూసేవాళ్ల ఒంటికి తగులుతుంది!

జపాన్ చిత్రకారుడు కవాసే హసుయి 1925లో రూపొందించిన జోజోజీ గుడి బొమ్మ ఇది. అతని చిత్రాల్లోకెల్లా ఎక్కువ ప్రతులు అమ్ముడైంది ఇదే. దానికి రెండేళ్ల ముందు అతని కష్టార్జితమంతా బూడిదైంది.

నలుగురి బొమ్మ

ఫొటోలూ అచ్చు యంత్రాలూ వచ్చాక జపాన్‌లో తరతరాల చెక్క అచ్చుబొమ్మలకు గిరాకీ పడిపోయింది. పనివాళ్లు ఉపాధి కోల్పోతున్న ఆ రోజుల్లో టోక్యో ప్రచురణకర్త వతనబె షోజబురో వాళ్లను చేరదీశాడు. అలా పుట్టిందే 'షిన్ హంగా'... అంటే కొత్త అచ్చుచిత్రాలు.

చిత్రకారుడు బొమ్మ గీస్తాడు. చెక్కేవాడు దాన్ని చెర్రీ చెక్కమీద బోర్లా అతికించి గీత గీతనూ ఉలితో తేలుస్తాడు. ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మ. అద్దేవాడు దిమ్మకు కుంచెతో రంగు పూసి, తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో రుద్దుతాడు. కొన్ని బొమ్మలకు ఇలా ముప్పైసార్లకు పైనే! ఏ ఒక్కసారి కాగితం కాస్త జరిగినా శ్రమంతా వృథా. ఇక పెట్టుబడీ అమ్మకమూ ప్రచురణకర్తవి.

పాతికేళ్లు దాటాక బొమ్మలు నేర్చుకుంటానంటూ వచ్చిన హసుయిని గురువు కబురకి కియొకత మొదట చేర్చుకోలేదు. హసుయి పట్టు వదలక మళ్లీ వెళ్లి శిష్యుడయ్యాడు. 1918 నుంచీ వతనబెతో కలిసి పనిచేశాడు. ఊరూరా తిరిగి వాననూ వెన్నెలనూ స్కెచ్ పుస్తకాల్లోకి ఎక్కించాడు.

11.58 గంటలకు...

1923 సెప్టెంబరు 1. మధ్యాహ్న భోజనానికి పొయ్యిలు వెలుగుతున్న వేళ టోక్యో కంపించింది. మంటలు నగరాన్ని చుట్టేశాయి. ఆ విపత్తులో లక్షమందికి పైగా బలయ్యారు. వతనబె దుకాణం, దిమ్మలు, నిల్వ ఉన్న బొమ్మలు కాలిపోయాయి. హసుయి ఇల్లూ 188 స్కెచ్ పుస్తకాలూ అంతే. భూకంపానికి ముందునాటి ప్రతులు అందుకే అంత అరుదు.

కానీ పనితనం కాలిపోలేదు కదా! వతనబె ప్రోత్సాహంతో హసుయి ఆ ఏడాదే ప్రయాణం కట్టాడు. వంద రోజులకు పైగా తిరిగి కొత్త స్కెచ్‌లతో వచ్చాడు. జోజోజీ ఆ తర్వాతిదే.

అజంతా దాకా

ఆ భూకంపమే మరో చిత్రకారుడు యొషిద హిరోషి దారినీ మార్చింది. తోటి చిత్రకారులను ఆదుకునేందుకు పెయింటింగులు అమ్మడానికి అమెరికా వెళ్తే, అక్కడివాళ్లు అచ్చుబొమ్మలంటే ముచ్చటపడ్డారు. తిరిగొచ్చి సొంతంగా పనివాళ్లను పెట్టుకున్నాడు. అవే దిమ్మలకు రంగులు మార్చి ఒకే పడవల దృశ్యంలో ఉదయాన్నీ రాత్రినీ చూపించాడు. 1930-31లో మనదేశానికి వచ్చి తాజ్‌మహల్‌నీ, అప్పట్లో నిజాం సంస్థానంలో ఉన్న అజంతానీ అచ్చుబొమ్మలుగా మలిచాడు.

తర్వాతి తరాల్లోనూ ఈ బొమ్మలకు అభిమానులున్నారు. యాపిల్ స్టీవ్ జాబ్స్ హసుయి చిత్రాల్ని కొని దాచుకున్నాడు.

మంచులో మెట్లెక్కుతూ గుడివైపు ఒంటరిగా సాగే సన్యాసి... ఇది హసుయి చివరి చిత్రం. 1957లో అతను కన్నుమూశాకే ఇది పూర్తయింది. గీసిన చెయ్యి ఆగిపోయినా, మిగిలిన చేతులు ఆ బొమ్మను ఆగనివ్వలేదు!