రెండు పేర్లు, రెండు మొదటి డోసులు: టీకా రుజువు మన వాడలను ఏం అడిగింది?

2021 జనవరి 16న కరోనా టీకా మొదలైన రోజు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో మొదటి సూది వేసింది ఒక పారిశుధ్య కార్మికురాలికి. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ అంతే, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒక పారిశుధ్య కార్మికుడికి. కెమెరాలు వచ్చాయి, పెద్దవాళ్లు పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. ఈ దేశంలో ఆసుపత్రి ఊడ్చేది, మురుగు తీసేది ఎక్కువగా ఏ వాడల మనుషులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే ఆ రోజు ఆ దృశ్యం మనకు కొంచెం గర్వంగానే అనిపించింది.

ఆ సూది వెనుక ఒక జాబితా ఉంది. మొదటి విడతలో ఎవరికి వారు వెళ్లి పేరు రాయించుకునే వీలు లేదు. ఆసుపత్రో, మున్సిపాలిటీయో తన దగ్గర పనిచేసే వాళ్ల పేర్లను ముందుగా కోవిన్‌లో ఎక్కించాలి. అంటే మీరు ఎవరో మీరు చెబితే చాలదు, మీ యజమాని చెప్పాలి. పర్మినెంటు ఉద్యోగికి ఇందులో ఇబ్బంది లేదు. కాంట్రాక్టు మనిషి పేరు కాంట్రాక్టరు రిజిస్టర్‌లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆమెకు జ్వరం వస్తే ఆ పూట చీపురు పట్టేది కోడలో, చెల్లెలో. అలా బదులు వచ్చిన మనిషి ఏ జాబితాలోనూ ఉండదు. చెత్త మాత్రం అదే, దానిలోని జబ్బూ అదే.

టీకా రుజువు గురించి మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. ఈ మనిషికి టీకా పడిందా అన్నది ఒకటి. ఈ మనిషి ఎవరు అన్నది రెండోది. మొదటిది వైద్యానికి సంబంధించింది. రెండోది కాగితానికి సంబంధించింది. కరోనా కాలంలో ఈ రెండింటినీ ఒకే తాడుతో కట్టేశారు. కాగితాలు సరిగా ఉన్నవాళ్లకు ఆ తాడు కనపడనే లేదు.

ఇలా కట్టకుండా కూడా టీకాలు వేయొచ్చని ఈ దేశానికి బాగా తెలుసు. పల్స్ పోలియో 1995 నుంచి నడుస్తోంది. బూత్ దగ్గరికి బిడ్డను ఎత్తుకెళితే రెండు చుక్కలు వేసి, ఎడమ చిటికెన వేలికి సిరా గుర్తు పెడతారు. ఆధార్ లేదు, ఓటీపీ లేదు. ఇంటింటికీ వచ్చేవాళ్లు వేలు చూస్తారు, గుర్తు లేకపోతే అక్కడే చుక్కలు వేస్తారు. బిడ్డ పేరు తప్పు పడితే చుక్కలు చెల్లవని ఏ తల్లికీ ఎవరూ చెప్పలేదు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదు, 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించింది. వేలి మీది ఆ సిరా, ఎవరు మిగిలిపోయారో వెతకడానికి పెట్టిన గుర్తు. కరోనా సర్టిఫికెట్ కొద్ది నెలల్లోనే ఎవరిని లోపలికి రానివ్వకూడదో చెప్పే గుర్తుగా మారింది.

పేరు ఎక్కడ తెగింది

కోవిన్‌లో పేరు నమోదుకు మొదట ఏడు రకాల ఫొటో గుర్తింపు కార్డులను ఒప్పుకున్నారు: ఆధార్, ఓటరు కార్డు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పెన్షన్ పుస్తకం, జాతీయ జనాభా రిజిస్టర్ స్మార్ట్ కార్డు. తర్వాత ఇంకొన్ని చేర్చారు. నియమం ప్రకారం ఆధార్ తప్పనిసరి కాదు. కానీ కేంద్రాల దగ్గర ఎక్కువగా వినపడిన మాట ‘ఆధార్ ఉందా?’ అన్నదే.

చిక్కు కార్డు లేకపోవడంతోనే రాలేదు. రెండు కార్డులు ఉండి, రెండింటిలో రెండు పేర్లు ఉండటంతో ఎక్కువ వచ్చింది. ఇది మన వాడలకు కొత్త సంగతి కాదు, దీని మూలాలు కులంలోనే ఉన్నాయి.

కోస్తాలో చాలా దళిత కుటుంబాల్లో మనిషికి చర్చిలో ఒక పేరు, రికార్డులో ఒక పేరు ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, ఆ తర్వాత సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే దక్కుతుంది. క్రైస్తవులమని కాగితం మీద రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ పోయి బీసీ-సి అవుతుంది. అందుకని బడిలో వెంకాయమ్మ, గుడారాల పండుగలో మరియమ్మ. పాత ఓటరు జాబితా రాసినాయన ఇంటి ముందు విన్న పేరు రాసుకున్నాడు, ఆధార్ సెంటర్‌లో పిల్లాడు రేషన్ కార్డు చూసి ఇంకో పేరు కొట్టాడు. మరియమ్మా వెంకాయమ్మా ఒక్క మనిషే అని వాడంతా ఎరుగుదురు, కంప్యూటర్ తప్ప.

రాయలసీమలో ఇంకో బాధ ఉంది. పాత రికార్డుల్లో చాలామంది దళితుల పేరు ముందు ఇంటిపేరు బదులు కులం పేరే రాసేశారు, ‘మాదిగ’ ఫలానా, ‘మాల’ ఫలానా అని. చదువుకున్న పిల్లలు కొత్త కార్డులు తీసేటప్పుడు దాన్ని తీయించారు. కొందరు ఆ పేరును గర్వంగా ఉంచుకున్నారు, అది వాళ్ల ఇష్టం. కానీ వందమంది నిలబడ్డ లైన్లో ఆ పేరును ఎవరో గట్టిగా చదివి పిలవడం వేరు, తాను చెప్పుకోవడం వేరు. పాత కార్డు చూపితే ఆ పిలుపు వినాలి, కొత్త కార్డు చూపితే మొదటి డోసు నాటి పేరుతో కలవదు.

కలవకపోతే ఏమవుతుందో చూడండి. మొదటి డోసు ఓటరు కార్డుతో, పక్కింటి అబ్బాయి ఫోన్ నంబరుతో వేయించుకున్నారు. రెండోది ఆధార్‌తో, మనవడి నంబరుతో. పోర్టల్ దృష్టిలో వీళ్లు ఇద్దరు మనుషులు. ఇద్దరికీ ఒక్కో డోసే పడినట్టు రెండు సర్టిఫికెట్లు వస్తాయి. ఒంట్లో రెండు సూదుల మందు ఉంది, చేతిలో ‘పూర్తిగా టీకా వేయించుకున్నారు’ అన్న కాగితం మాత్రం లేదు. తర్వాత ఈ రెండు సర్టిఫికెట్లను కలిపే వీలు పోర్టల్‌లో పెట్టారు. దానికి మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. పక్కింటి అబ్బాయి అప్పటికి పనికోసం ఊరు వదిలి ఉంటాడు, లేదా రీచార్జి చేయక ఆ సిమ్ చచ్చిపోయి ఉంటుంది.

వయసు సంగతి ఇంకా విచిత్రం. 2021 ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్లు దాటిన వాళ్లకు టీకా తెరిచారు. మన పెద్దల్లో ఎంతమందికి పుట్టిన తేదీ తెలుసు? బడిలో అయ్యవారు వేసిన తేదీ కొందరిది. ఆధార్ ఆపరేటరు ముఖం చూసి వేసిన ఏడాదికి జనవరి 1 తగిలించింది కొందరిది. నిజంగా 47 ఏళ్లున్న కూలీ కార్డులో 43 అయితే ఆ ఏప్రిల్‌లో, రెండో అల ముంచెత్తుతున్న ఆ ఏప్రిల్‌లో, ఆయన అర్హుడు కాడు.

ఫోన్ అనే రెండో గుర్తింపు కార్డు

మే 1న 18 నుంచి 44 ఏళ్ల వాళ్లకు తెరిచినప్పుడు ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి చేశారు. ఒక్క ఫోన్ నంబరు మీద నలుగురికే నమోదు. 2022 జనవరిలో గానీ అది ఆరుగురికి పెరగలేదు. 2021 జూన్ దాకా పోర్టల్‌లో తెలుగు లేదు. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు నూటికి 15 మాత్రమే. స్లాట్లు తెరిచిన నిమిషాల్లో అయిపోయేవి. దేశంలో చాలా చోట్ల నగరాల వాళ్లు కార్లేసుకుని పల్లె కేంద్రాలకు వెళ్లి వేయించుకొచ్చారు. పక్క వీధిలో ఉన్నవాళ్లకు తమ ఊరి కేంద్రంలో స్లాట్ లేదు.

సుప్రీంకోర్టు ఈ సంగతిని తనంతట తానుగా చేపట్టిన కేసులో విచారించింది. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ నాగేశ్వరరావు, జస్టిస్ రవీంద్ర భట్ ధర్మాసనం 2021 మే 31 నాటి ఉత్తర్వులో పూర్తిగా డిజిటల్ పోర్టల్ మీద ఆధారపడితే అందరికీ టీకా అన్న లక్ష్యం నెరవేరదని, ఆ దెబ్బ అట్టడుగు వర్గాల మీదే పడుతుందని చెప్పింది. అప్పటికి వారం ముందే, మే 24న, ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు కేంద్రం ఒప్పుకుంది. జూన్ 21 నుంచి కొత్త విధానంలో ముందస్తు నమోదు అవసరం లేకుండా పోయింది.

అసలు ఏ కార్డూ లేని వాళ్ల కోసం కూడా 2021 మే తొలివారంలో ఒక పద్ధతి బయటికొచ్చింది. సంచార జాతులు, రోడ్డు పక్కన బతికేవాళ్లు, జైళ్లలో, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు ఇందులోకి వస్తారు. జిల్లా యంత్రాంగం వాళ్లను గుర్తించాలి. కార్డూ ఫోనూ ఉన్న ఒక మనిషిని వాళ్ల తరఫున బాధ్యుడిగా పెట్టి, ప్రత్యేక శిబిరంలో టీకా వేయించాలి. ఏ కార్డూ లేని 87 లక్షల మందికి ఇలా వేశామని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న కోర్టు ఆ కేసును ముగిస్తూ కోవిన్‌లో ఆధార్ తప్పనిసరి కాదన్న విషయాన్ని నమోదు చేసింది. మంచి పద్ధతే. కానీ దాని సంగతి కేంద్రం గేటు దగ్గర కూర్చున్న మనిషికి తెలియాలి, ‘ఆధార్ లేకపోతే వెళ్లిపో’ అనిపించుకున్న మనిషికీ తెలియాలి. ఆ రెండోది మన వాడల్లో దాదాపు జరగలేదు.

ఇక్కడ ఒక మాట. తెలంగాణలో 2021 మే చివర్లో ఆటో డ్రైవర్లకు, వీధి వ్యాపారులకు, గ్యాస్ సిలిండర్లు మోసేవాళ్లకు ముందుగా టీకా వేశారు, అది సరైన పనే. వాళ్లకు పెట్టిన పేరు మాత్రం ‘సూపర్ స్ప్రెడర్లు’. జబ్బుకు ఎక్కువగా ఎదురు నిలిచిన మనుషులను జబ్బు అంటించేవాళ్లని పిలవడం అంటరానితనం చూసిన చెవులకు ఎలా వినిపిస్తుందో ఆ పేరు పెట్టినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

గేటు దగ్గర కాగితం

సర్టిఫికెట్‌లో పేరు, వయసు, లింగం, చూపించిన కార్డు వివరం, టీకా పేరు, తేదీ, వేసిన చోటు ఉంటాయి, కింద ఒక క్యూఆర్ కోడ్. దాన్ని కోవిన్ సరిచూసే పేజీలో స్కాన్ చేస్తే ఆ కాగితం అసలుదో నకిలీదో తెలుస్తుంది. అంతవరకే. కాగితం పట్టుకున్న మనిషే ఆ మనిషి అని ఆ కోడ్ చెప్పదు, సర్టిఫికెట్ మీద టీకా వేయించుకున్న వాళ్ల ఫొటో ఉండదు. కాబట్టి నిజంగా సరిచూడాలంటే మళ్లీ ఫొటో కార్డు అడగాలి. మళ్లీ అదే పేర్ల గొడవ.

కాగితం అసలుదైనా టీకా పడినట్టేనా అంటే అదీ నమ్మకం లేదు. స్లాట్ బుక్ చేసుకుని వెళ్లని వాళ్లకు కూడా డోసు పడిందని మెసేజ్‌లు వచ్చిన సంగతి ప్రభుత్వమే ఒప్పుకుని, 2021 మే 8 నుంచి నాలుగంకెల రహస్య కోడ్ పెట్టింది.

ఇంత బలహీనమైన రుజువుతోనే కూడూ పనీ ముడిపడ్డాయి. అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర పనిమనుషులను, డ్రైవర్లను సర్టిఫికెట్ అడిగారు. అదే లిఫ్టులో ఎక్కే ఇంటివాళ్లను అడిగిన వాచ్‌మన్ అరుదు, అడిగితే అతని ఉద్యోగం ఏమయ్యేదో! 2021 అక్టోబర్ చివర్లో, టీకా లేని వాళ్లకు రేషన్, పింఛన్ ఆపేస్తారని తెలంగాణలో వార్త గుప్పుమంది. ఆరోగ్య శాఖ దాన్ని ఖండించింది. కానీ ఆ భయం ఒక్కరోజులో పోయేది కాదు.

చట్టం ఏమంటుందో తెలిసి ఉండాలి. 2021 జూన్‌లో మేఘాలయ హైకోర్టు, దుకాణదారులూ టాక్సీ డ్రైవర్లూ టీకా వేయించుకుంటేనే పని చేయాలనడం జీవనోపాధి హక్కును దెబ్బతీస్తుందని చెప్పింది. 2022 మే 2న సుప్రీంకోర్టు జేకబ్ పులియెల్ కేసులో ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, 21వ అధికరణ కింద శరీరం మీద హక్కు మనిషిదేనని స్పష్టం చేసింది. మేం టీకాకు వ్యతిరేకులం కాదు. ఆక్సిజన్ దొరక్క, బెడ్ దొరక్క పోయిన మనుషులను చూసినవాళ్లం టీకా వద్దని ఎలా అంటాం? మా గొడవంతా రుజువు భారాన్ని ఎవరి నెత్తిన పెట్టారన్నదే.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఆ భారం ఇంకో తీరుగా పడింది. సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం కలవాలి. కొవాక్సిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబర్ 3న గానీ గుర్తించలేదు. తమ ఊరి కేంద్రంలో ఏది ఉంటే అది వేయించుకున్న మనిషికి ఆ పేరుతోనే విమానం ఆగిపోయింది.

ఇన్ని అడిగిన పోర్టల్ ఒక్కటి మాత్రం అడగలేదు, కులం. లైన్లో కులం అడగకపోవడం మంచిదే. కానీ పేర్లు చెప్పకుండా లెక్క తీసే మార్గాలు ఉన్నాయి, ఆ పనీ జరగలేదు. ఫలితంగా ఎస్సీల్లో ఎంతమందికి టీకా పడింది, ఎంతమంది మొదటి డోసు దగ్గర ఆగిపోయారు అంటే కోవిన్ దగ్గర జవాబు లేదు. మన వివరాలు మాత్రం అందులో ఉన్నాయి. 2023 జూన్‌లో ఒక టెలిగ్రామ్ బాట్‌లో ఫోన్ నంబరు కొడితే టీకా వేయించుకున్న వాళ్ల వివరాలు వస్తున్నాయని వార్తలొచ్చాయి, పోర్టల్ భద్రంగానే ఉందని కేంద్రం చెప్పింది.

ఇప్పుడు ఇదే నమూనా పిల్లల టీకాల వైపు వస్తోంది. గర్భిణులకు, పిల్లలకు వేసే టీకాల నమోదుకు యూ-విన్ అనే పోర్టల్‌ను 2023 జనవరిలో 65 జిల్లాల్లో పరీక్షగా మొదలుపెట్టారు. వలస వెళ్లిన తల్లి వేరే జిల్లాలో బిడ్డకు తర్వాతి సూది వేయించుకోవడానికి ఇది పనికొస్తుంది, ఇటుక బట్టీలకు వెళ్లే కుటుంబాలకు అది చిన్న మేలు కాదు. కాబట్టి వద్దనాల్సిన పనిలేదు, జాగ్రత్త పడాలి. తల్లి పేరు ఏ కార్డులో ఉన్నట్టు ఎక్కించారో ఏఎన్ఎం దగ్గరే చూసి సరిచేయించండి. సొంత నంబరు లేకపోతే ఊళ్లోనే ఉండే, నమ్మకమైన మనిషి నంబరు ఇచ్చి, అది ఎవరిదో టీకాల కార్డు మీద రాసిపెట్టుకోండి. కార్డు లేదని, ఓటీపీ రాలేదని బిడ్డకు సూది వేయకుండా పంపితే ఆ మాట ఎవరన్నారో, ఏ రోజన్నారో రాసుకుని పీహెచ్‌సీ డాక్టరుకు కాగితం ఇవ్వండి. ఏఎన్ఎం చేతిరాతతో నింపే ఆ పాత టీకాల కార్డును మాత్రం పారేయకండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డుతో పాటు దాచండి.