డీజిల్ ట్రక్ ట్యూనింగ్: పవర్ ఎక్కడి నుంచి వస్తుంది? ఏది లీగల్?

అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 లాంటి డీజిల్ పికప్ ట్రక్కులకు ట్యూనర్ పెట్టడం అంటే దాదాపు ఫోన్ రూట్ చేసి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడమే. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా నాకు ఇందులో ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది ఇదే.

ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ పేరు ఈసీయూ. డీజిల్ ఎంత కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, టర్బో ప్రెషర్ ఎంత ఉండాలి అనే టేబుల్స్ అందులో ఉంటాయి. డ్యాష్‌బోర్డ్ కింద ఉన్న ఓబీడీ పోర్ట్‌కి ట్యూనర్ కనెక్ట్ చేసి ఆ నంబర్లు మారుస్తారు. టార్క్ పెరుగుతుంది. దాంతోపాటు ఎగ్జాస్ట్ వేడి, గేర్‌బాక్స్ మీద లోడ్ కూడా పెరుగుతాయి.

అసలు గొడవ "డిలీట్" కిట్లతోనే. పొగలోని మసిని పట్టుకునేది డీపీఎఫ్ ఫిల్టర్. దాన్ని తీసేసి ఖాళీ పైపు పెడితే ఈసీయూ ఎర్రర్ చూపించి పవర్ తగ్గించేస్తుంది. అందుకే డిలీట్ ట్యూన్ ఆ చెకింగ్‌నే ఆఫ్ చేసేస్తుంది. క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం ఇది చట్టవిరుద్ధం. రోడ్డు కోసం సర్టిఫై అయిన ట్రక్కుకి "ఆఫ్-రోడ్ కోసం మాత్రమే" అనే స్టిక్కర్ ఉన్నా లాభం లేదు. 2020లో ఈపీఏ వేసిన అంచనా ప్రకారం, అంతకు ముందు పదేళ్లలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్‌లలో పొల్యూషన్ కంట్రోల్స్ తీసేశారు.

మరి సౌండ్ కావాలంటే? డీపీఎఫ్ తర్వాతి భాగం మాత్రమే మార్చే ఎగ్జాస్ట్ చూడండి. ట్యూనర్ అయితే, కాలిఫోర్నియా కార్బ్ ఇచ్చే ఈఓ నంబర్ మీ మోడల్‌కి ఉందో లేదో చెక్ చేయండి. డాలస్, హ్యూస్టన్‌లలో సెకండ్ హ్యాండ్ ట్రక్ కొనే మనవాళ్లు ఒకసారి కిందకి వంగి, ఫిల్టర్ ఉందని చూశాకే డబ్బు కట్టండి. మళ్లీ పెట్టించాలంటే వేల డాలర్ల పని.