మీకు తెలుసా? ముక్కుకు దారి చూపేదెవరు

కళ్లు మూసుకుని బస్సులో కూర్చున్నా దుగ్గిరాల పసుపు యార్డు దగ్గరపడిందని ముక్కు చెప్పేస్తుంది. నిజాంపట్నం హార్బరు ఇంకా కనపడకముందే ఎండుచేపలు పలకరిస్తాయి. ఇది పసుపు, ఇది చేప అని ముక్కు ఇంత తేలిగ్గా తేల్చేస్తోందంటే, దాని వెనక మనం పుట్టకముందే మొదలైన పెద్ద ఏర్పాటు ఉంది. కంటికీ చెవికీ స్కూలు పుస్తకాల్లో పేజీడు బొమ్మలుంటాయి, ముక్కుకు మాత్రం రెండు పేరాలతో సరిపెడతారు. ఆ బాకీ ఈసారి కొంత తీరుద్దాం.

వాసనను పట్టే గ్రాహకాల జన్యువుల గుట్టు విప్పింది అమెరికా శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్. వారి పరిశోధన 1991లో వెలువడింది, 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఎలుకలో ఇలాంటి జన్యువులు వెయ్యికి పైగా పనిచేస్తాయి. మనిషిలో పనిచేసేవి సుమారు 400. సగానికి పైగా ఎప్పుడో చెడిపోయి జన్యురాశిలో ఊరికే పడి ఉన్నాయి.

చెడిన జన్యువుల మాట వచ్చింది కాబట్టి ఇక్కడో పిట్టకథ. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, 1986లో విడుదలై దేశమంతా పాకింది. అన్నం ఎంత కమ్మగా ఉన్నా దానికి బాస్మతి ఘుమఘుమ ఉండదు. ఎందుకంటే బాస్మతిలో ఒక జన్యువు చెడి ఉంటుంది. అది చెడబట్టే వాసనద్రవ్యం గింజలో పోగవుతుంది. సాంబ మసూరిలో ఆ జన్యువు దివ్యంగా పనిచేస్తోంది, పాపం!

మళ్లీ ముక్కు దగ్గరకొద్దాం. ముక్కు పైభాగంలో వాసన పట్టే నాడీకణాలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో కణం గ్రాహక జన్యువులన్నిటిలోంచీ ఒక్కదాన్నే ఎంచుకుని మిగతావాటి నోరు మూయిస్తుంది. అంతేకాదు, ఎంచుకున్న ఆ ఒక్కదానికీ తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి ఉంటాయి గదా, అందులోనూ ఒకటే పనిచేస్తుంది. మీ ముక్కులో అమ్మ తరఫు కణం పక్కనే నాన్న తరఫు కణం ఉండొచ్చు.

ఇక అసలు చిక్కు. ఒకే గ్రాహకాన్ని ఎంచుకున్న కణాలు ఒక చోట ఉండవు, ముక్కులో ఇక్కడొకటి, అక్కడొకటి చెదిరి ఉంటాయి. ప్రతి కణం నుంచీ ఒక సన్నని తంతువు ఎముకలోని రంధ్రాల గుండా పైకి సాగి, మెదడు ముందుభాగం అడుగున ఉండే ఘ్రాణ లంబికను చేరాలి. ఆ లంబికలో గ్లోమెరులై అనే చిన్న చిన్న ముడులుంటాయి. 1996లో ఆక్సెల్ బృందం ఎలుకలో ఒకే రకం గ్రాహకమున్న కణాలకు మాత్రమే నీలిరంగు వచ్చేలా చేసి చూసింది. ఒక్కో లంబికలో సుమారు రెండు వేల ముడులుండగా, చెదిరి ఉన్న కణాల తంతువులన్నీ ప్రయాణం చివర కేవలం రెండింటి దగ్గర, ఎడమవైపు రెండు, కుడివైపు రెండు, కలిసి ముగిశాయి. ఏ ఎలుకలో చూసినా ఇంచుమించు అదే చోటు. తెనాలి జంక్షన్‌లో బాపట్ల వైపు వెళ్లేవాళ్లూ రేపల్లె వైపు వెళ్లేవాళ్లూ కలగాపులగంగా నిలబడ్డారనుకోండి. బోర్డు లేదు, మైకు లేదు, అయినా ఒక్కో ఊరివాళ్లంతా తప్పకుండా ఒకే పెట్టెలోకి ఎక్కారంటే ఎంత వింతో, ఇదీ అంత వింతే.

అయితే వాళ్లకు దారి చెప్పిందెవరు? వాసనను పట్టే గ్రాహకమే! ఒక గ్రాహకం స్థానంలో ఇంకొకదాన్ని పెడితే తంతువులు పాత చోటికి పోకుండా వేరే చోటికి పోయాయి. కానీ కొత్త గ్రాహకానికి మామూలుగా ఉండే చోటికీ పోలేదు. అంటే చిరునామా మొత్తం గ్రాహకం చేతిలోనే లేదు. కణం ముక్కులో ఎక్కడ పుట్టిందన్నది తంతువు లంబికలో పైకి పోవాలా కిందికి పోవాలా తేలుస్తుంది. ముందుకా వెనక్కా అన్నది గ్రాహకం తేలుస్తుంది. ఈ రెండో సంగతి 2006లో టోక్యోలో హితోషి సకనో బృందం కనిపెట్టింది. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సందేశక అణువు ఎక్కువైతే తంతువు వెనక్కు సాగుతుంది, తక్కువైతే ముందుకు. ఆ ఎక్కువతక్కువలు గ్రాహకాన్ని బట్టి ఉంటాయి. 2009లో అదే బృందం ఇంకో సంగతి చూపింది. తంతువులు లంబికను చేరాక వరుస కట్టడం లేదు. దారిలోనే, కట్టలుగా సాగుతున్నప్పుడే తమలో తాము వరుస కట్టేసుకుంటున్నాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది ఇంకొకటుంది. ఇదంతా గర్భంలో, వాసన అంటే ఏమిటో ఇంకా తెలియనప్పుడు మొదలవుతుంది. గ్రాహకం ఏ వాసనా తగలకుండానే తనంత తాను అప్పుడప్పుడూ మిణుకుమంటుంది. ఒక్కో రకానికి ఒక్కో వేగం. ఆ మిణుకే కణానికి సైక్లిక్ ఏఎంపీ లెక్క చెబుతుంది.

పుట్టాక ఏమవుతుంది? ముడుల దగ్గర తప్పుగా చేరిన తంతువులను వాడకం తొలగిస్తుంది. ఒక ముక్కురంధ్రాన్ని మూసేసిన ఎలుకపిల్లల్లో ఈ శుభ్రత సరిగా జరగదు. దీనికి గడువు కూడా ఉంది. 2014లో రెండు అమెరికా బృందాలు ఎలుకల్లో కావాలని ఆటంకం పెట్టి తంతువుల దారి తప్పించి చూశాయి. పుట్టిన మొదటివారంలోపు ఆ ఆటంకం తీసేస్తే తంతువుల అమరిక మళ్లీ సరైపోయింది. ఆ తర్వాత తీస్తే తప్పు తప్పుగానే మిగిలింది. తర్వాత పుట్టే తంతువులు కొత్త దారి వెతుక్కోవు, ముందు వెళ్లినవి వేసిన దారినే పోతాయి.

ఇంతకీ పసిముక్కుకు తగిలే తొలి వాసనలేమిటి? బాలింతకు మన పల్లెల్లో వెల్లుల్లి కారం పెడతారు. దాని రుచి పాలలోకి దిగుతుందా? దిగుతుంది! ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో జూలీ మెనెల్లా, గ్యారీ బోషాంప్ 1991లో చూపారు. వెల్లుల్లి తిన్నాక సుమారు రెండు గంటలకు పాల వాసన బాగా ఘాటెక్కింది, పిల్లలు ఇంకాసేపు పాలు తాగారు. 1995లో మెనెల్లా గర్భిణుల ఉమ్మనీటితోనూ పరీక్ష చేశారు. వెల్లుల్లి మాత్రలు మింగిన అయిదుగురిలో నలుగురి ఉమ్మనీటి ఘాటును వాసన చూసినవాళ్లు గుర్తుపట్టారు. గర్భంలో బిడ్డ ముక్కురంధ్రాలు మొదట కణజాలంతో మూసుకుని ఉంటాయి, ఆరోనెల నాటికి తెరుచుకుంటాయి. ఆ తర్వాత బిడ్డ పీల్చి మింగే ఉమ్మనీటిలో అమ్మ తిన్న తిండి ఉంటుందన్నమాట. పుట్టిన కొన్ని నిమిషాలకే పసికందు తల్లి రొమ్ము వాసన పట్టగలదు. 1994లో 30 మంది శిశువులను పరీక్షిస్తే 22 మంది కడిగిన రొమ్మును వదిలి, కడగనిదాన్నే ఎంచుకున్నారు.

రేపల్లె వైపు పాడిరైతులకు తెలిసిన కష్టం ఒకటుంది. ఈనిన గేదె దూడ చచ్చిపోతే గేదె చేపదు. ఆ దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టడం పాత ఉపాయం. తల్లి దాన్ని వాసన చూస్తుంది, నాకుతుంది, చేపుకొస్తుంది. దీని వెనకనున్న శాస్త్రం గొర్రెల్లో బాగా తేలింది. ఈనక ముందు గొర్రె ఘ్రాణ లంబికలోని కణాలు ఎక్కువగా మేత వాసనలకు స్పందిస్తాయి. ఈనాక వాటిలో చాలా కణాలు పిల్ల వాసనకు తిరిగిపోతాయని 1992లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు చూపారు. మొదటి రెండు గంటల్లో గొర్రె తన పిల్ల వాసన నేర్చేసుకుంటుంది, ఆ తర్వాత పరాయి పిల్లను దగ్గరకు రానివ్వదు. అంటే తల్లి అయ్యే వయసులోనూ ముక్కు కొత్తగా సర్దుకుంటుంది.

మళ్లీ తంతువుల దారి సంగతికి వస్తే, ముక్కులోని నాడులు దారి తప్పితే యవ్వనం ఆగిపోతుంది. తమాషా కాదు, ఇది కాల్‌మన్ సిండ్రోమ్. 1944లో ఫ్రాంజ్ కాల్‌మన్ వర్ణించాడు. యవ్వనాన్ని మొదలుపెట్టే హార్మోనును తయారుచేసే కణాలు మెదడులో పుట్టవు. పిండం ముక్కు దగ్గర పుట్టి, వాసన నాడుల వెంట నడిచి మెదడులోకి చేరతాయి. ఈ నడక 1989లో బయటపడింది. నాడులు సరిగా ఏర్పడకపోతే నడిచే దారి ఉండదు. వాసన తెలియదు, మీసమూ రాదు. పదహారేళ్లొచ్చినా గొంతు మారని అబ్బాయిని, ‘వాసనలు తెలుస్తున్నాయా?’ అని డాక్టరు అడగడం అందుకే. హార్మోను చికిత్సతో యవ్వనం మొదలుపెట్టవచ్చు.

అన్ని క్షీరదాలకూ ముక్కు వాసన చూడ్డానికే ఉండదు. డాల్ఫిన్ కూడా మనలాగే పిల్లకు పాలిచ్చే జంతువు. దాని జాతిలో పిండానికి వాసన నాడుల తొలి ఏర్పాటు మొదలై, పెరిగేకొద్దీ మాయమవుతుంది. పెద్ద డాల్ఫిన్‌కు ఘ్రాణ లంబికలు ఉండవు. సూర్యలంక ఒడ్డున చేపల వాసన మనకే.

మనకు ఉన్న వాసన కణాలు మాత్రం జీవితమంతా చచ్చి కొత్తవి పుడుతూ ఉంటాయి, ఎలుకల్లో నెలా రెండు నెలలకు ఒకసారి చొప్పున. జలుబు, కొవిడ్ తర్వాత పోయిన వాసన తిరిగి రావడానికి ఒక ఆధారం ఇదే. కొవిడ్‌లో వైరస్ ఎక్కువగా దెబ్బతీసేది నాడీకణాలను కాదు, వాటికి ఆసరాగా ఉండే కణాలను. కొందరికి వాసన తిరిగొచ్చినా కాఫీ కాలిన రబ్బరులా అనిపిస్తుంది. చిన్నప్పటి గడువు దాటాక కొత్త తంతువులు పాత ముడిని సరిగా చేరలేకపోవడమే కారణమని పరిశోధకుల అనుమానం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ఒక సాధన చెప్పింది. గులాబీ, లవంగం, నిమ్మ, నీలగిరి తైలం వాసనలను రోజుకు రెండుసార్లు, ఉదయమూ రాత్రీ, మనసు పెట్టి పీల్చాలి. పన్నెండు వారాల తర్వాత కొందరిలో మెరుగుదల కనిపించింది. లవంగాలూ నిమ్మకాయలూ వంటింట్లోనే ఉంటాయి. నీలగిరి తైలానికి తెనాలి బజారులో ఏ మందుల షాపుకెళ్లినా చాలు.