మీకు తెలుసా? కార్ల రిపేరు పుస్తకాల నుంచి గెలాక్సీ సామ్రాజ్యానికి

గ్రహాల మధ్య యుద్ధాలు, రాజవంశాల కుట్రలతో నడిచే ఫ్రాంక్ హెర్బర్ట్ నవల ‘డ్యూన్’ను 1965లో పుస్తకంగా తెచ్చింది కార్ల రిపేరు మాన్యువళ్లకు పేరుపడ్డ చిల్టన్ సంస్థ!

అంతకుముందు 20 మందికి పైగా ప్రచురణకర్తలు ఆ రాతప్రతిని తిప్పి పంపారు. ‘అనలాగ్’ పత్రికలో సీరియల్‌గా వచ్చిన కథే అది. చిల్టన్‌లో ఎడిటర్‌గా ఉన్న స్టెర్లింగ్ లానియర్ ఆ సీరియల్ చదివి, తనే హెర్బర్ట్‌కు కబురు పెట్టాడు. లానియర్ స్వయంగా సైన్స్ ఫిక్షన్ రచయిత కూడా. అందుకే కాబోలు, మిగతావాళ్ల కంటికి ఆననిది అతనికి ఆనింది.

మొదట్లో అమ్మకాలు అంతంతమాత్రమే. 1966లో మాత్రం నవలల విభాగంలో తొట్టతొలి నెబ్యులా అవార్డు ‘డ్యూన్’దే. ఆ ఏడాదే హ్యూగో కూడా వచ్చింది, రోజర్ జెలాజ్నీ నవలతో కలిపి ఉమ్మడిగా.